పాత డాబాకి గది కలపాలంటే ఇల్లు పడగొట్టనక్కర్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఇళ్లు, స్థలాల పేజీకి ఈమధ్య ఒకాయన ప్రశ్న పంపారు. తమది 1960ల్లో కట్టిన డాబా ఇల్లు, పెద్దవాళ్ల కోసం కింద ఒక గది, బాత్‌రూం కలపాలనుకుంటున్నాం, ఎలా అని. దానికి వచ్చిన జవాబు రెండు ముక్కలు. అంత పాత ఇంటి మీద డబ్బు పెట్టడం దండగ, పడగొట్టి కొత్తది కట్టుకోండి, లేదంటే డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండి. ఇల్లు చూడకుండా, కనీసం స్లాబు మీద సుత్తితో తట్టి చూడమని కూడా చెప్పకుండా ఇలాంటి సలహా ఇవ్వడం నాకు అస్సలు నచ్చలేదు. మాది గుంటూరు బ్రాడీపేట. మా ఇల్లూ ఆ కాలందే, మా అవసరమూ అదే. మేం పడగొట్టకుండానే గది కలుపుకున్నాం, మా అత్తయ్యగారు ఇప్పుడు ఆ గదిలోనే ఉంటున్నారు. అందుకని ప్రశ్న అడిగినాయనకీ, ఇదే ఆలోచనలో ఉన్న మిగతా వాళ్లకీ పనికొస్తుందని నాకు తెలిసింది రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, వీలైతే కోయకుండా వేయండి.

మండువా లోగిలి అంటే అందరికీ గౌరవమే. ఫొటోలు తీసుకుంటారు, షూటింగులకి వెతుక్కుంటూ వస్తారు. దాని తర్వాత తరంలో వచ్చిన ఈ స్లాబు ఇళ్లకి మాత్రం ఆ మర్యాద ఎవరూ ఇవ్వరు, పాతదీ కాదు కొత్తదీ కాదు అన్నట్టు చూస్తారు. ఇవి ఎప్పుడు వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1954 నుంచి 1956లో హైదరాబాద్‌కి వెళ్లిపోయేదాకా హైకోర్టు మన గుంటూరులోనే నడిచింది, 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన అయింది, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఊళ్లో ప్లీడర్లు, డాక్టర్లు, లెక్చరర్లు, పొగాకు వ్యాపారులు దూలాలూ పెంకులూ వదిలేసి కాంక్రీటు స్లాబుకి మారిన రోజులు అవి. అటు చండీగఢ్‌లో ఆర్కిటెక్టు లె కార్బూజియే కిటికీల ముందు కాంక్రీటు పలకలు నిలబెట్టి ఎండని గోడ దాకా రానివ్వకుండా ఆపుతున్నాడు. అంతకుముందే పుదుచ్చేరిలో ఆంటోనిన్ రేమండ్ అనే ఇంకో ఆర్కిటెక్టు గోల్కొండ్ అనే హాస్టల్ భవనానికి బయటి వైపు పొడవునా తిప్పుకునే అడ్డపలకలు పెట్టి, గాలి వచ్చేలా, ఎండ రాకుండా కట్టాడు. మన ఊళ్లలో ఇళ్లకి ఇంత పెద్ద పేర్లేమీ లేవు. డ్రాఫ్ట్స్‌మన్ ప్లాను గీశాడు, తాపీ మేస్త్రి కట్టాడు. అయినా ఆ ఆలోచనే మా ఇంట్లోనూ కనిపిస్తుంది. ఇంటి చుట్టూ లింటెల్ (గుమ్మాలు, కిటికీల పైన అడ్డంగా వేసే దిమ్మ) ఎత్తులో పట్టీలాగా తిరిగిన సన్నటి సన్‌షేడ్, గుండ్రంగా తిరిగే వరండా మూల, సిమెంటు జాలీ, ఏటవాలు స్తంభాల పోర్టికో, పిట్టగోడ మీద ఉబ్బెత్తు అక్షరాలతో ఇంటి పేరూ, కట్టిన సంవత్సరమూ. బ్రాడీపేట లైన్లలో, అరండల్‌పేటలో, విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేటల్లో నడుస్తూ కాస్త తల పైకెత్తితే ఇలాంటివి ఇంకా కనిపిస్తాయి.

అందం సంగతి పక్కన పెట్టినా, ఆ ఇళ్లు ఎండాకాలంలో ఉండగలిగేలా కట్టినవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఏసీ లేని రోజుల్లో ఆ ఎండకి తట్టుకునే ఇల్లు కట్టాలంటే ఆలోచించి కట్టాలి. గుంటూరు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం దాటాక ఇంకోసారి మధ్యాహ్నప్పూట సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు గోడకి ఎండ పెద్దగా తగలదు, పడేదంతా పైకప్పు మీద, పొద్దున తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద. మా ఇంట్లో పైకప్పు మీద సున్నం, ఇటుక జెల్లీ (ఇటుక ముక్కలు) కలిపి దిమ్మిస కొట్టిన మందపాటి పొర ఉంది. పడమర వైపు స్టోరు గది, బాత్‌రూం పెట్టి ఆ వేడి పడకగదులకి చేరకుండా చేశారు. దక్షిణం వైపు 6 అడుగుల సందు వదిలి అటువైపే పెద్ద కిటికీలు పెట్టారు. సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచీ ఆగ్నేయం నుంచీ ఆ కిటికీల్లో దూరి, హాల్లోంచి, స్లాబు కింద ఉన్న వెంటిలేటర్లలోంచి ఉత్తరానికీ పడమరకీ పోతుంది. గది ఎత్తు 11 అడుగులు కాబట్టి వేడిగాలి పైకి చేరి ఆ వెంటిలేటర్ల ద్వారానే బయటికి వెళ్తుంది. ఇల్లు చల్లగా ఉండటానికి కారణం ఈ దారి. ఇంటికి ఏది కలిపినా ముందు ఈ దారి ఎక్కడుందో చూసుకోవాలి, దానికి అడ్డం రాకుండా కట్టాలి. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే.

మామూలుగా ఏం చేస్తారంటే, ముందు వరండాకి గోడ కట్టి గది చేసేస్తారు. లేదా పక్క సందు మీద రేకులో స్లాబో వేసి కలిపేసుకుంటారు. లేకపోతే పైన ఇంకో అంతస్తు. మొదటి రెండిట్లో గాలి వచ్చే నోరే మూసుకుపోతుంది. ఆ తర్వాత ఇల్లు ఉడికిపోతోంది, పాత ఇళ్లు ఇంతే అంటారు, ఏసీలు పెడతారు, ఆఖరికి పడగొట్టేస్తారు. మా లైన్లోనే ఇలా పోయిన ఇళ్లు ఉన్నాయి. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఇంటి తప్పు అందులో ఏమీ లేదు.

మా విషయానికొస్తే, ముందు వచ్చిన ఇంజనీరు వరండాలోనే నిలబడి, వంటింట్లో పెచ్చులు ఊడిన చోటు దూరం నుంచి చూసి, 60 ఏళ్ల స్లాబు, లైఫ్ అయిపోయింది, కూల్చేయడమే అన్నారు. మా అత్తయ్యగారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తర్వాత కాలేజీలో స్ట్రక్చర్స్ చెప్పి రిటైరైన ఒక మాస్టారు వచ్చారు. ఆయన చిన్న సుత్తితో స్లాబంతా గది గదికీ తట్టుకుంటూ వెళ్లారు, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. గీతలన్నీ వంటింట్లో, పాత బాత్‌రూంలోనే పడ్డాయి, హాల్లో ఒక్కటీ లేదు. కాంక్రీటు గట్టిదనం చూపించే రీబౌండ్ హ్యామర్ పెట్టి చూశారు. తర్వాత హాల్లో ఒక మూల, వంటింట్లో ఒక మూల స్లాబు అడుగున కొద్దిగా చెక్కించి, అప్పుడే బయటపడ్డ కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే ద్రావకం పిచికారీ చేశారు. హాల్లో పై అర అంగుళం మామూలుగానే ఉండిపోయి దాని లోపలంతా ముదురు గులాబీ రంగుకి తిరిగింది, చువ్వ ఆ గులాబీ రంగులోనే ఉంది. వంటింట్లో చువ్వ దాకా రంగే రాలేదు. ఆయన వివరం చెప్పారు. మంచి కాంక్రీటులో క్షారగుణం ఉంటుంది, అది చువ్వకి తుప్పు పట్టనివ్వదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి దిగుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది, అది చువ్వ దాకా వచ్చాక చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది, తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింద పెచ్చులు ఊడతాయి. వంటింట్లో ఆవిరి, బాత్‌రూంలో నీళ్లు, అందుకే అక్కడ పాడైంది, మిగతా ఇల్లు బాగుంది. పాడైన చోట వదులు కాంక్రీటంతా తీసేసి, చువ్వల తుప్పు బ్రష్షుతో గీకి, కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చారు. ఇంటి మొత్తానికి మరణశిక్ష వేయడానికీ, రెండు గదుల స్లాబు రిపేరుకీ మధ్య తేడా ఆ ఒక్క పూట పరీక్ష.

అయితే ఆ పరీక్ష బాగా వచ్చింది కదా అని పైన అంతస్తు వేసేయకూడదు. మా వారికి అదే కోరిక, కింద స్థలం పోదు కదా అని. మాస్టారు ఒప్పుకోలేదు, ఆయన చెప్పిన కారణాలు అందరికీ పనికొస్తాయి. అప్పట్లో సిమెంటు కంట్రోల్లో ఉండేది, పర్మిట్ మీద ఇచ్చేవాళ్లు. కంట్రోలు 1982లో కొంత సడలించి 1989లో పూర్తిగా ఎత్తేశారు. అందుకని ఆనాటి వాళ్లు గోడలకి గానుగ సున్నం వాడి, సిమెంటు స్లాబుకీ సన్‌షేడ్‌కీ దాచుకునేవాళ్లు. మా గోడలు 14 అంగుళాల ఇటుక గోడలు, పిల్లర్లు లేవు, బరువంతా గోడల మీదే. స్లాబులో ఉన్నవి నునుపు గుండు చువ్వలు, బలంలో ఇప్పుడు వాడే గాట్ల చువ్వలకి (ఎఫ్‌ఈ 500 టీఎంటీ) సగమే. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 మొదట 1953లో వచ్చింది, తర్వాత ఎన్నోసార్లు మార్చారు, 2000లో కూడా తిరగరాశారు. అప్పటి లెక్కతో ఒక్క అంతస్తుకి కట్టినదాని మీద ఇప్పటి లెక్కతో ఇంకోటి మోపడానికి కాగితం మీద ఎవరూ ఒప్పుకోరు, మేస్త్రి చేత మాత్రం చేయించేస్తారు. ఇక కింద ఉన్నది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలు పడితే ఉబ్బుతుంది. 60 ఏళ్లుగా ఈ ఉబ్బుకీ కుంగుకీ అలవాటు పడి నిలబడ్డ పునాది మీద కొత్త బరువు పెడితే ఎటు బీట ఇస్తుందో చెప్పలేం.

మరి ఎక్కడ కట్టాం అంటే, పెరట్లో వాయవ్యం మూల. అదీ ఇంటికి ఆనించి కట్టలేదు. మధ్యలో 8 అడుగుల ఖాళీ వదిలి, పైకప్పు లేని చిన్న అంగణంలాగా ఉంచి, అవతల కొత్త గది కట్టి, రెండిటినీ ఒక సన్నటి నడవతో కలిపాం. గాలి బయటికి పోయే వెంటిలేటర్లు పడమర వైపు ఉన్నాయి కాబట్టి ఆ ఖాళీ తప్పనిసరి. నడవ కప్పు ఎత్తు గురించి చాలా చర్చ జరిగింది. పాత స్లాబు ఎత్తుకే కలిపేస్తే చూడ్డానికి ఒకటే లైనులో ఉంటుందని కాంట్రాక్టరు అన్నాడు. అలా చేస్తే ఆ గోడలో వెంటిలేటర్ నడవ లోపలికి వచ్చేసేది. అందుకని నడవ కప్పు 9 అడుగుల దగ్గరే ఆపించాం, దాని పైన వెంటిలేటర్ ఎప్పట్లాగే ఆకాశానికి తెరుచుకుని ఉంది. వీధిలోంచి చూస్తే కొత్త గది అసలు కనబడదు, ముందు పోర్టికో, వరండా, గుండ్రటి మూల ఏమీ మారలేదు.

పాత గోడకి గుమ్మం పెట్టడం అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. మా మేస్త్రి గారు పెద్దాయన, గోడ మీద చెయ్యి పెట్టి, "అమ్మా, ఇది బరువు మోసే గోడ, కొత్తగా ఎక్కడ కొట్టినా ఊరుకోదు, ఆ కిటికీనే గుమ్మం చేసుకుందాం" అన్నారు. అదే చేశాం. కిటికీ తీసేసి దాని కింద గోడ మాత్రం నేల దాకా తొలగించాం. వెడల్పు పెంచలేదు, పైన లింటెల్‌ని ముట్టుకోలేదు, కాబట్టి గోడకి తెలియను కూడా తెలియలేదు. ఆ కిటికీ పైనున్న పాత సన్‌షేడ్ కూడా కొట్టలేదు. ఇప్పుడది నడవ లోపల గుమ్మం మీద రెండడుగులు ముందుకొచ్చి అలాగే ఉంది, దాని అంచున వాననీళ్లు జారడానికి ఆనాడు గీసిన సన్నటి గాడి కూడా కనిపిస్తుంది. మా ఇంటికొచ్చిన వాళ్లు అక్కడ ఆగి చూస్తారు, ఇక్కడి దాకా పాత ఇల్లు, ఇక్కణ్నుంచి కొత్తది అని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

నడవ గానీ, గది గానీ పాత గోడ మీద ఎక్కడా ఆనలేదు. వాటి పిల్లర్లు వాటివే, పునాది కూడా వేరు. నల్లరేగడి కాబట్టి అండర్ రీమ్‌డ్ పైల్స్ వేశారు, అంటే రేగడి ఉబ్బే లోతు దాటి కిందికి తవ్వి, అడుగున గుమ్మడికాయలా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు, మట్టి ఎంత కదిలినా పైల్ పైకి లేవదు. ఈ పద్ధతిని మన దేశంలో రేగడి నేలల కోసం అభివృద్ధి చేసింది రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ). పాత పునాది పక్కనే పెద్ద గొయ్యి తవ్వే అవసరం లేకపోవడం దీనివల్ల ఇంకో లాభం. పాత గోడకీ నడవకీ మధ్య అంగుళం సందు వదిలి మెత్తటి ఫిల్లర్ పెట్టి, పైన సీలెంట్, దాని మీద అల్యూమినియం పట్టీ వేశారు. పట్టీని ఒక వైపే బిగించాలి, రెండు వైపులా స్క్రూలు కొడితే సందు వదిలిన ఫలితం ఉండదు. ఈ సందు సిమెంటుతో మూసేస్తానని మేస్త్రి కింద పనిచేసే కుర్రాడు ఎంత ముచ్చటపడ్డాడో, పక్కన నిలబడి ఆపాల్సి వచ్చింది. పాతది ఒక రకంగా కదులుతుంది, కొత్తది ఇంకో రకంగా కుదురుకుంటుంది, భూకంపం వస్తే రెండూ వేరువేరుగా ఊగుతాయి. సందు లేకపోతే మొదటి వానాకాలానికే పగులు వస్తుంది.

కొత్తది పాతదానిలాగే కనిపించాలా అని అందరూ అడుగుతారు. కాంట్రాక్టరు గుండ్రటి మూల అచ్చం అలాగే కట్టి పెడతానన్నాడు, ఇంకొకరు ముందు వైపు కూడా కలిపి ఎలివేషన్ టైల్స్ వేస్తే మొత్తం కొత్త ఇల్లులా ఉంటుందన్నారు. రెండూ వద్దన్నాను. పాత కట్టడాల పరిరక్షణ మీద 1964లో వెనిస్‌లో రాసుకున్న నియమావళిలో, కలిపిన భాగం పాతదాంతో పొసగాలి, అలాగని పాతదేనని భ్రమపడేలా ఉండకూడదు అన్న ఆలోచన ఉంది. అది చారిత్రక కట్టడాల కోసం రాసుకున్నదే అయినా మామూలు ఇంటికీ చక్కగా సరిపోతుంది. మేం చూసుకున్నవి కొలతలు. కిటికీల పై అంచు పాత కిటికీల ఎత్తుకే వచ్చింది, సన్‌షేడ్ కూడా అదే మందం, అదే రెండడుగులు. మిగతాదంతా సాదా. జాలీ ఒక్కటే పాతదాని నమూనాలో చేయించాం, ఎందుకంటే నడవకి గాలీ కావాలి, చాటూ కావాలి. పాత జాలీ దిమ్మె ఒకటి పెరట్లో పడి ఉంటే దాని కొలతలతో వడ్రంగి చెక్క అచ్చు చేశాడు, అందులో సన్న కంకర, సిమెంటు పోసి, లోపల సన్నటి తీగ పెట్టి, నీళ్లలో నానబెట్టి తీశారు. మొదట తీసినవి మూలలు విరిగాయి, అచ్చుకి నూనె రాసి ఒక రోజు ఆగి తీస్తే నిలబడ్డాయి. రెడీమేడ్‌గా దొరికే వాటికంటే ఇవి బరువు, కానీ నీడ అచ్చం పాత వరండాలో పడ్డట్టే పడుతుంది.

గోడల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. సున్నంతో కట్టిన గోడకి సున్నమే పూయండి. ఊడిన చోట సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పక్కన ఇంకో చోట పొంగి రాలుతుంది, అప్పుడు పాత ఇల్లు కదా అంటారు. సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లని అడిగితే దొరుకుతారు. హాల్లో మొజాయిక్ నేల మీద టైల్స్ వేయించమని చాలామంది అన్నారు. పాలిష్ పట్టిస్తే చాలు, ఆ నేల ఇంకో తరం ఉంటుంది.

కొత్త గదిలో నేలకి తాండూరు రాయి, బాత్‌రూంలో జారకుండా గరుకు కడప రాయి వేశాం. మా అత్తయ్యగారు వాకర్ పట్టుకుని నడుస్తారు కాబట్టి పాత హాలు నుంచి బాత్‌రూం దాకా ఎక్కడా మెట్టు లేదు. గడప దగ్గర కొంచెం తర్జనభర్జన అయింది, గడప లేని గుమ్మం ఆవిడకి ఇష్టం లేదు, గడప ఉంటే కాలు తట్టుకుంటుంది. చివరికి టేకు పలకని నేలలోకి దించి సమానంగా బిగించారు. శుక్రవారం దానికే పసుపు రాసి బొట్లు పెడుతున్నారు, వాకర్ దాని మీద నుంచి సాఫీగా వెళ్తుంది.

వాస్తు గురించి రాయకపోతే మన పాఠకులు ఒప్పుకోరు. నైరుతి పెరగకూడదు, ఈశాన్యం తగ్గకూడదు అన్న రెండు మాటలూ మా ప్లానుకి అడ్డు రాలేదు. సిద్ధాంతి గారిని ఇంజనీరు ప్లాను గీశాక పిలవడం కంటే గీసేటప్పుడే ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే సగం టెన్షన్ తగ్గుతుంది. అనుమతి కూడా తీసుకోండి, పెరట్లో ఎవరు చూస్తారులే అనుకోవద్దు. ఎల్‌టీపీ (లైసెన్సు ఉన్న ప్లాను నిపుణుడు) ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు పాత ఇంటి డ్రాయింగు కావాలి, చాలామంది దగ్గర ఆనాటి ప్లాను కాగితం ఉండదు, ఇల్లంతా కొలిపించి కొత్తగా గీయించుకోవాలి. ఆ ఖర్చు పనికొస్తుంది, ఎందుకంటే గాలి దారి, గోడల మందం, ఏ గోడ బరువు మోస్తోంది అన్నవన్నీ ఆ డ్రాయింగులోనే బయటపడతాయి.

అన్ని ఇళ్లూ నిలబెట్టవచ్చని నేను అనను. స్లాబు మొత్తం డొల్ల శబ్దం వస్తుంటే, చువ్వలు తుప్పుకి సగం సన్నబడిపోయి ఉంటే పడగొట్టక తప్పదు, అందులో మనుషులుంటారు. అన్నదమ్ముల వాటాలు తెగక, ఒకరు డబ్బు కావాలని, ఒకరు ఇల్లు కావాలని పట్టుబడితే కూడా ఇల్లు నిలవదు. 2014 తర్వాత రాజధాని వస్తుందని మా పేటలో స్థలం ధరలు పెరిగినప్పుడు చాలా ఇళ్లు ఆ లెక్కలోనే పోయాయి. డబ్బు అవసరమున్నవాళ్లని తప్పుపట్టను. పరీక్ష చేయించకుండా, వయసు చూసి మాత్రమే పడగొట్టించే సలహాలనే తప్పుపడుతున్నాను.

ఈ కాలపు కట్టడాలకి చట్టం కాపలా కూడా పెద్దగా లేదు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్లు ఉండాలి. ఢిల్లీలో ఆర్కిటెక్టు రాజ్ రేవాల్ డిజైన్ చేసిన ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్ 1972లో కట్టింది, ప్రపంచమంతా మెచ్చుకున్న కాంక్రీటు కట్టడం, 60 ఏళ్లు నిండలేదు కాబట్టి వారసత్వ కట్టడంగా చూడలేమన్నారు, 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి పడగొట్టేశారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆర్కిటెక్టు లూయీ కాన్ కట్టిన హాస్టళ్లు కూల్చేస్తామని 2020 డిసెంబరులో ప్రకటిస్తే దేశ విదేశాల నుంచి ఆర్కిటెక్టులు గోల పెట్టారు, కొత్త సంవత్సరం మొదటి రోజునే ఆ నిర్ణయం అప్పటికి వెనక్కి తీసుకున్నారు. అంత పేరున్నవాటికే ఇంత కష్టమైతే బ్రాడీపేటలో ప్లీడరు గారి డాబా గురించి ఎవరు గొంతెత్తుతారు? ఆ ఇంట్లో ఉన్నవాళ్లే నిలబెట్టుకోవాలి, వాళ్లకి నిలబెట్టుకునే దారి చెప్పేవాళ్లు కావాలి.

మీ పేజీ ఆ దారి చెప్పవచ్చు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ముందు స్లాబు పరీక్ష చేయించుకోండని రాయండి. పాత ఇంటిని ఉంచి గది కలుపుకున్నవాళ్లు గుంటూరు, విజయవాడల్లో మేమొక్కళ్లమే అయ్యుండం, వాళ్లని ఫొటోలు, ప్లాన్లు పంపమని అడిగి వేయండి, ఏది బాగా కుదిరింది, ఏది కుదరలేదు అన్నది కూడా వాళ్లతోనే చెప్పించండి. కార్పొరేషన్ వాళ్లకి నా విన్నపం, పాత ఇంటి ముందు భాగం ముట్టుకోకుండా వెనక కట్టుకునేవాళ్లకి ఖాళీ స్థలం నిబంధనల్లో కొంత వెసులుబాటు, ఫీజులో కొంత తగ్గింపు ఇచ్చే ఆలోచన చేయండి, పడగొట్టిన చెత్త తరలించే ఖర్చు మీకూ తగ్గుతుంది. విజయవాడలో 2008 నుంచి కేంద్ర ప్రభుత్వ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అక్కడి మాస్టార్లు పిల్లల్ని కొలతల టేపుతో మా పేటలకి పంపితే, ఇప్పుడు నిలబడి ఉన్న ఈ ఇళ్ల ప్లాన్లు, సెక్షన్లు గీసి పెట్టుకోవచ్చు. మా ఇంటికి ఎవరొచ్చినా నిచ్చెన వేసి వెంటిలేటర్ల దాకా, స్లాబు పైదాకా చూపిస్తాం, మాస్టారు ఇచ్చిన పరీక్ష రిపోర్టు కాపీ కూడా ఇస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.